కె-పాప్ అవకాశాలు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో గాత్రం నేర్పే నా దగ్గరకు ఒకప్పుడు టీవీ పాటల పోటీల కోసం పిల్లలను తీసుకువచ్చేవారు. ఇప్పుడు వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది, "మా అమ్మాయి కొరియా వెళ్లి ఐడల్ అవుతానంటోంది, మొత్తం ఎంత ఖర్చవుతుంది మాస్టారూ?" అని అడుగుతున్నారు. ఐడల్ అంటే కె-పాప్‌లో, అంటే దక్షిణ కొరియా పాప్ సంగీతంలో, పాడుతూ నృత్యం చేసే తార. ఖర్చు గురించిన ఈ ప్రశ్న వెనుక ఒక పెద్ద అపోహ ఉంది. కొన్ని కుటుంబాలు దానివల్ల నిజంగానే నష్టపోతున్నాయి కాబట్టి ముందుగా దాని గురించే వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఏజెంటు ద్వారా రుసుము కడితే కొరియా రాజధాని సియోల్‌లోని సంగీత సంస్థల్లో ట్రైనీగా, అంటే శిక్షణ పొందే అభ్యర్థిగా, అవకాశం దొరుకుతుంది.

వాస్తవం: హైబ్, ఎస్ఎమ్, జేవైపీ, వైజీ వంటి పెద్ద సంస్థలు ఆడిషన్‌కు రుసుము తీసుకోవు. పాట పాడిన వీడియోనో నృత్యం చేసిన వీడియోనో జతచేసి సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లో నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు, మధ్యవర్తితో పనిలేదు. తమ సిబ్బందిగా చెప్పుకుని మోసగించేవారి గురించి ఆ సంస్థలే హెచ్చరికలు జారీ చేశాయి. ఈ వ్యాపారం నడిచే తీరును గమనిస్తే కారణం అర్థమవుతుంది: ట్రైనీ మీద సంస్థ ఏళ్ల తరబడి పెట్టుబడి పెట్టి, డెబ్యూ (అరంగేట్రం) తరువాత వచ్చే ఆదాయంలో దానిని రాబట్టుకుంటుంది. ఆ పెట్టుబడిని ముందే మీ చేత పెట్టించాలని చూసేవాడి ఆదాయం మీరు కట్టే సొమ్మే తప్ప మీ బిడ్డ పాట కాదు.

ఒక జిల్లా కేంద్రం నుంచి వచ్చిన తండ్రి ఒకరు తన ఫోన్‌లో 'సెలక్షన్ లెటర్' చూపించారు. పైన లోగో, కింద కొరియన్ లిపిలో సంతకం, మధ్యలో శిక్షణ రుసుము పంపడానికి మన దేశంలోని ఒక వ్యక్తి పేరు మీదున్న ఖాతా నంబరు ఉన్నాయి. అప్పటికే సగం కట్టారు. అమ్మాయి పాడిన వీడియోను వాళ్లు ఎప్పుడైనా అడిగారా అని నేనడిగితే, ఆయన కాసేపు ఆలోచించి లేదన్నారు. గొంతు వినకుండా గాయనిని ఎంపిక చేసే సంస్థ ఏ దేశంలోనూ ఉండదు. మిగతా సగం కట్టేస్తే మొదటిది వెనక్కి వస్తుందేమోనని ఆయన ఇంకా ఆశపడుతుంటే, ఆ ఆలోచన మాన్పించి సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి అక్కడినుంచే ఫోన్ చేయించాను. ఆ అమ్మాయి తప్పంతా తనదేనని కుమిలిపోతోంది. ఇలాంటి సందర్భంలో పిల్లలను తిట్టకండి, ఫిర్యాదు ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువగా ఉంటుంది.

భారతీయులకు అసలు దారే లేదనడం కూడా నిజం కాదు. ఒడిశాలోని రవుర్కెలాలో పెరిగిన శ్రేయా లెంకా, ఒడిస్సీ నేర్చుకున్న అమ్మాయి, ఆన్‌లైన్ వీడియోలతో మొదలైన అంతర్జాతీయ ఆడిషన్‌లో నెగ్గి, సియోల్‌లో కొన్ని నెలలు శిక్షణ పొంది, 2022లో బ్లాక్‌స్వాన్ అనే కె-పాప్ బృందంలో చేరింది. అయితే అలా చేరిన భారతీయుల్లో ఆమే మొదటిది. మీ ఆశ ఈ వాస్తవాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అపోహ: ఎంపికైతే చాలు, ఏడాదిలో వేదిక ఎక్కుతారు; అందుకే ఇంటర్ మాన్పించినా ఫరవాలేదు.

వాస్తవం: థాయ్‌లాండ్‌కు చెందిన లిసా 2010లో ఆడిషన్‌లో నెగ్గి, 2011లో కొరియా వెళ్లి, బ్లాక్‌పింక్ బృంద సభ్యురాలిగా 2016 ఆగస్టులో గాని డెబ్యూ చేయలేదు. ట్వైస్ బృంద నాయకురాలు జిహ్యో దాదాపు పదేళ్లు ట్రైనీగానే ఉంది. ఇవి గెలిచినవారి కథలు; డెబ్యూ వరకు రాకుండా వెనుదిరిగేవారే ఎక్కువమంది. అలా తిరిగివచ్చిన రోజున చేతిలో చదువు ఉండాలి. నా దగ్గరకు వచ్చే పిల్లలను నేను పరీక్షల నెలలో పాఠానికి రావద్దంటాను, దానికి వాళ్లకు నా మీద కోపం కూడా వస్తుంది.

అపోహ: ఒప్పందంలో సంతకం చేస్తే జీవితాంతం బానిసత్వమే.

వాస్తవం: ఈ భయానికి ఒకప్పుడు ఆధారం ఉంది. 13 ఏళ్ల ఒప్పందం అన్యాయమంటూ టీవీఎక్స్‌క్యూ అనే కె-పాప్ బృందంలోని ముగ్గురు సభ్యులు 2009లో కోర్టుకు వెళ్లారు. అదే ఏడాది కొరియా ఫెయిర్ ట్రేడ్ కమిషన్ ప్రకటించిన నమూనా ఒప్పందంతో ఏడేళ్ల గడువు వాడుకలోకి వచ్చింది. ట్రైనీ మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చుకు రెండు మూడు రెట్లు చెల్లించాలన్న షరతులను కూడా ఆ కమిషన్ 2017లో కొన్ని సంస్థల చేత సవరింపజేసింది. మైనర్ల ఒప్పందానికి తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. అంటే ఆ కాగితాన్ని న్యాయవాది చేత చదివించే బాధ్యత మీది, పిల్లలది కాదు. చిన్న సంస్థల్లో శిక్షణ ఖర్చును తరువాతి సంపాదన నుంచి మినహాయించుకునే పద్ధతి ఉంటుంది కాబట్టి ఆ నిబంధన ఎలా ఉందో ప్రత్యేకంగా చూడాలి.

మిగిలిన వదంతులకు ఇంత చోటు అవసరం లేదు. 2012లో 'గంగ్నమ్ స్టైల్' పాటతో కొరియా గాయకుడు సై రాత్రికి రాత్రి పుట్టుకురాలేదు, ఆయన మొదటి ఆల్బమ్ 2001లోనే వచ్చింది. ఇంగ్లీషులో పాడితేనే అమెరికా వింటుందన్న మాటకు బీటీఎస్ 2020లోనే జవాబిచ్చింది: ఎక్కువ భాగం కొరియన్‌లో ఉన్న 'లైఫ్ గోస్ ఆన్' పాట అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో నేరుగా మొదటి స్థానంలో అడుగుపెట్టింది. కె-పాప్ అంతా కొరియా ప్రభుత్వ సృష్టేననేవారు ఒక విషయం మరచిపోతారు, 2013లో బీటీఎస్‌ను పరిచయం చేసింది అప్పట్లో ఒక చిన్న ప్రైవేటు సంస్థ.

గొంతు విషయంలో మాత్రం ఒక మాట చెప్పాలి. స్టూడియోలో ఎన్నో పొరలుగా రికార్డు చేసిన పాటను ఒక్క గొంతుతో, అదే శ్రుతిలో అనుకరించబోయి బొంగురుపోయిన పిల్లలు నా దగ్గరకు తరచూ వస్తారు. ఆడిషన్ వీడియోకు ఆ పాటే పాడాలని నియమమేమీ లేదు. తన శ్రుతికి సరిపోయే పాటను పెద్ద వాద్య సహకారం లేకుండా, ఎడిటింగ్ చేయకుండా ఒక నిమిషం పాడితే వినేవారికి కావలసింది తెలుస్తుంది. రెండు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే సాధన ఆపి చెవి-ముక్కు-గొంతు వైద్యుడికి చూపించండి. గొంతుకు విశ్రాంతి ఇచ్చే ఆ రోజుల్లో కొరియన్ లిపి నేర్చుకోవచ్చు, దానికి గొంతుతో పని లేదు.