స్క్రూలు బిగించాక కూడా నొప్పెందుకు?

చిట్టీ, బన్నీ,

"ప్లేటు పెట్టి స్క్రూలు బిగించేశారు కదా తాతయ్యా, మరి నాన్నమ్మ లేచి నడవదేం?" అని బన్నీ అడిగాడు. చీలమండ దగ్గర ఎముక విరిగి నాన్నమ్మకు ఆపరేషన్ చేశారు కదా, దాని గురించే. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. మిగతాది రాస్తున్నాను.

మియాపూర్‌లో మీ ఇంటికి స్లాబు వేసింది గుర్తుందా? కింద సెంట్రింగ్ కట్టి, పైన కాంక్రీటు పోశారు. మర్నాడే దానిమీద వాటర్ ట్యాంకు ఎక్కించలేదు కదా! ప్లేటూ స్క్రూలూ ఆ సెంట్రింగ్ లాంటివే. ముక్కల్ని కదలకుండా పట్టి ఉంచుతాయంతే, అతుక్కోవాల్సింది ఎముకే. విరిగిన చోట ముందు రక్తం గడ్డకడుతుంది, అందులో మెత్తటి అతుకు పుడుతుంది, వారాలు గడిచేకొద్దీ అది గట్టిపడుతుంది. స్లాబుకి మేస్త్రి మడులు కట్టి నీళ్లు నిలిపాడే, ఎముకకు ఆ నీళ్లు రక్తం. అది సరిగ్గా అందకపోతే అతుకు ఆలస్యమవుతుంది. సిగరెట్ తాగేవాళ్లకు జరిగేది అదే. ఈ ముక్క మీ బాబాయికి గట్టిగా చదివి వినిపించండి. ఒకటే తేడా, సెంట్రింగ్ తర్వాత విప్పేస్తారు, ప్లేటు ఇబ్బంది పెట్టకపోతే చాలామందికి అలాగే ఉంచేస్తారు. బరువు ఎప్పుడు మోపాలన్నది విరిగిన తీరును బట్టి ఉంటుంది. కొందరిని రెండు వారాలకే మోపమంటారు. నాన్నమ్మను ఆరు వారాలు ఆగమన్నారు.

ఇక ఆపరేషన్ అయ్యాక ఆ రాత్రి నాన్నమ్మ ఎందుకు ఏడ్చిందో చెప్తాను. ఆపరేషన్ అప్పుడు మోకాలి వెనక నరం దగ్గర మత్తు సూది వేశారు. చాలా గంటలు కాలు ఉన్నట్టే తెలియలేదు. "నొప్పే లేదు, మాత్రెందుకు?" అని పక్కన పెట్టేసింది. మత్తు దిగేసరికి నొప్పి ఒక్కసారిగా మీద పడింది. మత్తు పూర్తిగా దిగకముందే మాత్ర కడుపులో ఉండాలి. అందుకే ఇప్పుడు పారాసిటమాల్ టైముకి ఇస్తున్నాం, కాలు గుండె కంటే ఎత్తులో ఉండేలా దిండ్లు పెడుతున్నాం. వాపు తగ్గితే సగం నొప్పి తగ్గుతుంది. మరీ గట్టి మాత్రలు డాక్టరు చెప్పిన ఆ కొద్ది రోజులకే.

నొప్పి ఓర్చుకోవడం గొప్ప అనుకునేవాళ్లు మనలో ఎక్కువ. నాకది నచ్చదు. ఈ హైదరాబాద్‌లోనే, ఆరో నిజాం కాలంలో, 1888లోనూ 1889లోనూ క్లోరోఫాం అనే మత్తుమందు ఎంతవరకు క్షేమమో తేల్చడానికి రెండు కమిషన్లు పనిచేశాయి. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించారు. ఆయన దగ్గర చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ ఇక్కడే ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరయ్యారు. మనిషికి నొప్పి తెలియకూడదని అంత తపన పడ్డారు వాళ్లు. మనం మాత్ర వేసుకోవడానికి మొహమాటపడడం ఏమిటి?

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఒక స్నేహితుడు చింతచెట్టు మీంచి పడ్డాడు. వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. నొప్పికి భయపడి వాడు నెలల తరబడి పాదం కదపలేదు, కదపమని చెప్పినవాళ్లూ లేరు. ఎముక అతికింది, చీలమండ మాత్రం బిగుసుకుపోయింది. వాడు బావిగట్టు మీద కూర్చుని మా కబడ్డీ చూసేవాడు. ఇప్పటికీ కుంటుతాడు. ఫిజియో అబ్బాయి వచ్చి నాన్నమ్మ చేత పాదం పైకీ కిందికీ ఆడించినప్పుడల్లా నాకు వాడే గుర్తొస్తాడు. మాత్ర వేసేది పడుకోబెట్టడానికి కాదర్రా, ఆ కదలికకు! వాకర్‌తో నాలుగడుగులు, ఆ తర్వాత కర్ర, ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబడడం. సాయంత్రం వాపు నెలలపాటు వస్తూపోతూ ఉంటుందట, దానికి టెన్షన్ పడక్కర్లేదు. పిక్క గట్టిగా వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా, వేళ్లు తిమ్మిరెక్కి నీలంగా మారినా మాత్రం వెంటనే ఆస్పత్రికే.

చర్మం తెగితే మచ్చ మిగులుతుంది. ఎముక మాత్రం మళ్లీ ఎముకనే పుట్టించుకుంటుంది. అదెలా నేర్చిందో తలచుకుంటే నాకు ఈ వయసులోనూ ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు ఇద్దరూ కుర్చీలో కూర్చోండి. చీలమండకు రెండు వైపులా ఉబ్బెత్తుగా తగిలే ఎముకల్ని తడమండి. బయటిది కాస్త కిందికి ఉంటుంది, నాన్నమ్మకు విరిగింది అదే. పిక్క మీద చెయ్యి వేసి పాదం ఆడించండి, లోపల ఏం కదులుతోందో చూడండి. ఆదివారం వచ్చినప్పుడు ఆవిడ పక్కన కూర్చుని అదే పని మీరూ చెయ్యండి. మీరుంటే ఆవిడ మానదు.

మీ తాతయ్య