పొగ లేని నిప్పు

పుష్యమాసపు చలికి తలుపులన్నీ బిగించి బాలింత మంచం పక్కన కుంపటి పెట్టే ఇళ్లు సిక్కోలు, విజయనగరం పల్లెల్లో ఇంకా ఉన్నాయి. పలాస వైపు జీడిపిక్కల తొక్కలు, బొబ్బిలి వైపు గోగు పుల్లలు పొయ్యిలో రాజుకుంటే కళ్లు మండుతాయి, దగ్గొస్తుంది, మనిషి లేచి బయటికి పోతాడు. ఆ పొగా చెడ్డదే. కానీ అది చెప్పి వస్తుంది. పొగంతా పోయి ఎర్రగా మిగిలిన సరుగుడు నిప్పులు ఏమీ చెప్పవు.

కుంపటి అడుగున గాలి తగిలి బొగ్గు కాలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అది పైనున్న నిప్పుల సందుల్లోంచి వస్తూ మరింత కార్బన్‌ను కలుపుకొని కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. పైన గాలి బాగా ఆడితే నీలిమంటగా కాలిపోతుంది. నివురుగప్పిన నిప్పు మీద ఆ మంట ఉండదు, వాయువంతా గదిలోకే. రంగు లేదు, వాసన లేదు. పక్కన నీళ్లగిన్నె పెట్టినా, ముక్కుకు తడిగుడ్డ కట్టినా ఆగదు.

రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తే, పసికందు 30 నుంచి 60 సార్లు తీస్తుంది. తల్లికి తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం. బిడ్డ పాలు పట్టక మగతగా ఉంటుంది. బాలింత నీరసమే అనుకుంటారు. కుంపటి ఉన్న గదిలో ఇద్దరికీ ఒకేసారి వస్తే అలా అనుకోవద్దు.

ముందు ఇద్దరినీ ఆరుబయటికి తేవాలి, కుంపటి సంగతి తర్వాత. 108కి ఫోన్ చేయాలి. ఆస్పత్రిలో మొదటి మాటగా "గదిలో కుంపటి పెట్టాం" అని చెప్పాలి. ఎందుకంటే వేలికి తగిలించే మామూలు ఆక్సిమీటర్ ఈ వాయువు పట్టిన హిమోగ్లోబిన్‌నీ ఆక్సిజన్ ఉన్నట్టే లెక్కేసి 98 చూపించవచ్చు. నిజం రక్తపరీక్షలో తేలుతుంది. రక్తంలో అది సగానికి తగ్గడానికి మామూలు గాలిలో 4, 5 గంటలు పడుతుంది. మాస్కుతో ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర.

సాంబ్రాణి ధూపమూ ఆ నిప్పుల మీదే వేస్తారు. బిడ్డ తల ఆరడానికి పొడి తువ్వాలు చాలు. దోమలకు కాయిల్ చుట్ట వెలిగించే బదులు తెర కట్టాలి. ఒక చుట్ట వదిలే సన్నని నలుసులు 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది.

మరి వెచ్చదనం? తల్లి మెలకువగా ఉన్నంతసేపు బిడ్డను ఆమె రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు తగిలేలా ఉంచి, తలకు టోపీ పెట్టి, ముక్కు కనబడేలా దుప్పటి కప్పాలి. పక్క చల్లగా ఉంటే వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి కాసేపు ఉంచి, బిడ్డను పడుకోబెట్టే ముందు తీసేయాలి. మరిచిపోతే ఒళ్లు కాలుతుంది.