మడమ నుంచి తీసే రక్తపు చుక్క వెనుక కథ

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు ఇళ్లలో బిడ్డ పుడితే పిల్లల డాక్టరు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "మేనరికమా?" ఆ మాట వినగానే పెద్దవాళ్లకు చురుక్కుమంటుంది. "మా తాతల నాటి నుంచీ మేనరికాలే, ఎవరికేమైంది?" అంటారు. వాళ్లను తప్పు పట్టలేం. కానీ ఆ ప్రశ్నతోనే ఆగిపోకుండా, పుట్టుకతో వచ్చే కొన్ని జబ్బులను ముందే పట్టుకోవడానికి డాక్టరు చేయించాల్సిన పరీక్ష ఒకటుంది. పుట్టిన రెండు మూడు రోజుల్లో పసిబిడ్డ మడమ మీద సూదితో గుచ్చి, నాలుగైదు రక్తపు చుక్కలను దళసరి ఫిల్టర్ పేపరు మీద ఆరబెట్టి ల్యాబ్‌కు పంపిస్తారు. మన దేశంలో ఇది ఇంకా ప్రతి బిడ్డకూ తప్పనిసరి కాలేదు.

ఈ పరీక్షకు మూలం బూజు, బాక్టీరియా లాంటి సూక్ష్మజీవుల మీద జరిగిన పరిశోధన. ఒక జన్యువు చెడితే ఒక ఎంజైమ్ (ఒంట్లో రసాయన మార్పులు జరిపే ప్రోటీన్) పని ఆగిపోతుందని 1941లో శాస్త్రవేత్తలు బీడిల్, టేటమ్ బూజు మీద చేసిన ప్రయోగాలతో చూపించారు. అంతకుముందే, 1934లో, నార్వే డాక్టరు ఫోలింగ్ బుద్ధిమాంద్యం ఉన్న ఇద్దరు తోబుట్టువుల మూత్రంలో తేడా పట్టుకున్నాడు. ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని (ప్రోటీన్లకు ముడిసరుకు) వాళ్ల ఒళ్లు మార్చుకోలేకపోతోంది. అది పేరుకుపోయి మెదడును దెబ్బతీస్తోంది. ఆ అమైనో ఆమ్లం తగ్గించిన ఆహారం పనిచేస్తుందని 1953లో బికెల్ బృందం చూపించింది. అయితే మూత్రపరీక్షలో జబ్బు బయటపడేసరికి బిడ్డకు కొన్ని వారాలు నిండేవి, మెదడుకు నష్టం మొదలయ్యేది.

ఆ ఆలస్యాన్ని తప్పించినవాడు రాబర్ట్ గత్రీ. అమెరికాలోని బఫెలోలో క్యాన్సర్ సంస్థలో పనిచేస్తూ, రోగుల రక్తంలోని పదార్థాలను బాక్టీరియా పెరుగుదలతో కొలిచేవాడు. ఆయన కొడుక్కి బుద్ధిమాంద్యం ఉంది. 1958లో భార్య తోబుట్టువు కూతురికి ఇదే ఫినైల్‌అలనిన్ జబ్బని తేలింది. ఆయన పట్టుదలకు ఇంతకంటే కారణం వెతకక్కర్లేదు.

పద్ధతి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అగర్ జెల్లీలో బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియాను కలుపుతారు. ఫినైల్‌అలనిన్‌ను పోలిన మరో పదార్థం కూడా వేస్తారు. దాన్ని అసలుదనుకుని తీసుకున్న బాక్టీరియా ఎదగలేదు. ఇప్పుడు రక్తం ఆరిన పేపరులోంచి చిన్న బిళ్ల కత్తిరించి జెల్లీ మీద పెడతారు. రక్తంలో ఫినైల్‌అలనిన్ ఎక్కువుంటే నకిలీ ప్రభావం ఓడిపోతుంది. తెల్లారేసరికి బిళ్ల చుట్టూ బాక్టీరియా తెల్లటి వలయంగా పెరుగుతుంది. వలయం ఎంత పెద్దదైతే అంత ప్రమాదం. ఖరీదైన యంత్రం అక్కర్లేదు, పేపరును పోస్టులో పంపొచ్చు. 1963లో గత్రీ వ్యాసం అచ్చయింది, అదే ఏడాది మసాచుసెట్స్ ఈ పరీక్షను చట్టంలో పెట్టింది.

ఇక మేనరికం సంగతి. ఇలాంటి జబ్బు రావాలంటే తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ చెడిన జన్యువే అందాలి. ఇద్దరూ దాన్ని మోస్తుంటే ప్రతి కాన్పులో నాలుగో వంతు అవకాశం. మేనబావ మరదళ్ల జన్యువుల్లో ఎనిమిదో వంతు, మేనమామ మేనకోడళ్లలో పావు వంతు ఒకటే. అంటే ప్రమాదం పెరుగుతుంది, అంతే. పెళ్లి అయిపోయాక దంపతులను నిలదీసి లాభం లేదు, బిడ్డకు పరీక్ష చేయించాలి.

మన దేశంలో ఈ పని కొత్తదేమీ కాదు. 1980లలోనే కర్ణాటకలో లక్షకు పైగా పసిబిడ్డలను అమైనో ఆమ్లాల జబ్బుల కోసం పరీక్షించారు. గోవా 2008లో ప్రభుత్వ కార్యక్రమంగానే మొదలుపెట్టింది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం, సికిల్ సెల్ అనే రక్తకణాల జబ్బు కూడా ఉన్నాయి. నా దృష్టిలో అన్నిటికంటే బాధపెట్టేది థైరాయిడ్ లోపం. 1970లలో కెనడాలోని క్యూబెక్ వైద్యులు గత్రీ వాడిన ఆరిన రక్తపు చుక్కతోనే దాన్ని పట్టారు. మందు చవకైన మాత్ర, మొదటి వారాల్లోనే మొదలుపెట్టాలి. ఆ మాత్ర సమయానికి అందక ఒక బిడ్డ జీవితాంతం వెనకబడిపోవడాన్ని ఎలా సమర్థిస్తాం?

సరిహద్దులో ఇంకో చిక్కుంది. అత్తారిల్లు పర్లాకిమిడిలో, పుట్టిల్లు పాతపట్నంలోనో టెక్కలిలోనో ఉంటుంది. కాన్పు ఆంధ్రాలో, టీకాలు ఒడిశాలో. చుక్క తీసిన ఆసుపత్రి ఒక రాష్ట్రానిది, రిపోర్టు పట్టుకుని ఇంటికెళ్లాల్సిన ఆశా కార్యకర్త మరో రాష్ట్రం మనిషి. కాబట్టి ఇక్కడ పరీక్ష మొదలుపెట్టేటప్పుడే పేపరు మీద రెండిళ్ల చిరునామాలు, రెండు ఫోన్ నంబర్లు రాయించాలి. రిపోర్టు తెలుగులోనూ ఇవ్వాలి.