తరగతి గదిని పంచుకున్న ఒప్పందాలు

1929 ఫిబ్రవరి 11న రోమ్‌లోని లాటరన్ ప్రాసాదంలో పోప్ తరఫున కార్డినల్ గాస్పారీ, ఇటలీ తరఫున ఫాసిస్టు నియంత ముస్సోలినీ సంతకాలు చేసిన పత్రాలను మనం సాధారణంగా వాటికన్ నగర రాజ్యం పుట్టుకగానే గుర్తు పెట్టుకుంటాం. 1870లో రోమ్‌ను పోగొట్టుకున్న పోప్‌కు 44 హెక్టార్ల స్వతంత్ర భూభాగం, 75 కోట్ల లీరాల నగదు, 100 కోట్ల లీరాల ప్రభుత్వ బాండ్లు దక్కాయి. అయితే ఆ పత్రాలలో మూడవదైన మత ఒడంబడికను (దీన్నే కాంకోర్డాట్ అంటారు) అధికరణల వారీగా చదివితే, అసలు బేరం భూమి గురించి మాత్రమే కాదని, ఎవరు బోధించవచ్చు, ఎవరు బోధించకూడదు అన్నదాని గురించి కూడా అని తెలుస్తుంది.

కాథలిక్ సిద్ధాంతాన్ని ప్రభుత్వ విద్యకు "పునాది, శిఖరం"గా 36వ అధికరణ ప్రకటించి, మతబోధనను మాధ్యమిక పాఠశాలలకూ విస్తరించింది. 43వ అధికరణ మతాచార్యులను రాజకీయ పార్టీలలో చేరకుండా నిషేధించింది. వీటికన్నా నిశ్శబ్దంగా పనిచేసింది 5వ అధికరణ: మతాన్ని విడిచిన లేదా చర్చి శిక్షకు గురైన మతాచార్యులను బోధన ఉద్యోగాలలో నియమించరాదు, కొనసాగించరాదు. రోమ్ విశ్వవిద్యాలయంలో క్రైస్తవ చరిత్ర ఆచార్యుడైన ఎర్నెస్టో బువొనాయూతిని చర్చి అప్పటికే వెలివేసింది. బైబిల్‌నూ తొలి క్రైస్తవ సంఘాలనూ చారిత్రక విమర్శ పద్ధతిలో పరిశీలించడమే చర్చితో ఆయన ఘర్షణకు మూలం. 1931లో ఆచార్యులందరూ ఫాసిస్టు పాలనకు విధేయత ప్రమాణం చేయాలని ప్రభుత్వం ఆదేశించినప్పుడు, దాదాపు 1,200 మందిలో నిరాకరించినవారు పన్నెండు మంది దాకా మాత్రమే. ప్రమాణాలు చేయవద్దన్న సువార్త వాక్యాన్ని చూపి నిరాకరించిన బువొనాయూతి వారిలో ఒకరు. ఫాసిజం కూలిన తర్వాత కూడా, ఆ ఒడంబడిక అమల్లోనే ఉండడం వల్ల, తిరిగి పాఠం చెప్పే హక్కు ఆయనకు దక్కలేదు. 1946లో ఆయన మరణించారు. నియంత పోయినా, నియంతతో కుదిరిన అధికరణ తన పని తాను చేస్తూనే ఉంది.

ఈ ఒప్పందాన్ని బహిరంగంగా ప్రశ్నించిన గొంతులు కొద్ది. 1929 మేలో సెనేట్‌లో తత్వవేత్త బెనెడెట్టో క్రోచే, చర్చితో సయోధ్యను కాదు, అది జరిగిన తీరును వ్యతిరేకిస్తున్నానని, అంతరాత్మకు సంబంధించిన విషయాన్ని రాజకీయ లాభంతో తూచలేమని వాదించారు. ముస్సోలినీ ఆయనను చరిత్రలో దాక్కున్న పిరికివాడిగా ఎద్దేవా చేశాడు. 1934లో చర్చి తన నిషిద్ధ గ్రంథాల జాబితాలో క్రోచే రచనలన్నిటినీ చేర్చింది. ఫాసిజానికి తాత్విక సమర్థకుడైన జెంటీలే రచనలనూ అప్పుడే చేర్చింది. అధికారానికి దూరంగా ఆలోచించినా, దగ్గరగా ఆలోచించినా ఫలితం ఒకటే అయింది.

జర్మనీతో వాటికన్ ఇలాంటి ఒప్పందం 1933 జులై 20న కుదిరింది. వాటికన్ తరఫున కార్డినల్ పచెల్లీ, హిట్లర్ ప్రభుత్వం తరఫున ఉప ఛాన్సలర్ పాపెన్ సంతకాలు చేశారు. కాథలిక్ పార్టీ అయిన సెంటర్ పార్టీ అంతకు రెండు వారాల ముందే రద్దయింది. బిషప్‌లు ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చేయాలని 16వ అధికరణ నిర్దేశించింది. కాథలిక్ సంఘాలకు 31వ అధికరణ రక్షణ ఇచ్చినా, ఏయే సంఘాలకు అది వర్తిస్తుందన్న జాబితా మాత్రం తర్వాతి చర్చలకు మిగిలి, చివరకు కుదరనే లేదు. ఉల్లంఘనలపై ఫిర్యాదు చేయడానికైనా చేతిలో ఒక కాగితం ఉండాలని చర్చి వర్గాలు వాదించాయి. 1937లో పోప్ పదకొండవ పయస్ జర్మన్ భాషలోనే రాసిన నిరసన లేఖ దేశంలోని చర్చిలలో చదివి వినిపించారు కాబట్టి ఆ వాదనను తీసిపారేయలేం. కానీ అప్పటికి నాలుగేళ్లు గడిచిపోయాయి.

ఇది కాథలిక్కులకే పరిమితమైన కథ కాదు. 1943 సెప్టెంబరులో సోవియట్ నేత స్టాలిన్ రష్యన్ ఆర్థడాక్స్ చర్చికి చెందిన ముగ్గురు మెట్రోపాలిటన్లను (పెద్ద బిషప్‌లను) క్రెమ్లిన్‌కు పిలిపించాడు. కొద్ది రోజులకే వారిలో ఒకరైన సెర్గీ పాట్రియార్క్‌గా (ఆ చర్చి అధిపతిగా) ఎన్నికయ్యారు, చర్చి వ్యవహారాలను పర్యవేక్షించే ప్రభుత్వ మండలి కూడా ఏర్పడింది. కాథలిక్కుల వైపు చూస్తే, స్పెయిన్ నియంత ఫ్రాంకోతో వాటికన్‌కు 1953లో కుదిరిన ఒడంబడిక బిషప్‌ల నియామకంలో ఆయనకున్న పాత్రను ధ్రువీకరించింది.

ఇటలీ ఒడంబడికను 1984లో సవరించి, కాథలిక్ మతానికి ఉన్న రాజ్య మత హోదాను తొలగించారు. జర్మనీ ఒప్పందం చెల్లుతుందని 1957లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. బిషప్‌ల నియామకంపై చైనాతో వాటికన్ 2018లో కుదుర్చుకున్న తాత్కాలిక ఒప్పందాన్ని 2024లో మరో నాలుగేళ్లు పొడిగించారు. క్రోచే సెనేట్‌లో అధికరణలను ముందు పెట్టుకుని వాదించగలిగారు. చైనాతో కుదిరిన ఈ ఒప్పందం పూర్తి పాఠాన్ని మాత్రం ఇప్పటివరకు ప్రచురించలేదు.