వెలుగుకూ ఓ మోతాదు

"బాబును లైట్ల కింద పెట్టారు" అని ఫోను వస్తే కాన్పయిన ఇంట్లో ఎవరికైనా గుండె జారుతుంది. మా చెల్లెలి కూతురిది అల్లూరు. కాన్పు నెల్లూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జరిగింది. నాలుగో రోజుకల్లా పిల్లవాడి మొహం, ఛాతీ పసుపు పూసినట్టయ్యాయి. కామెర్లు. రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం డెసిలీటరుకు 19 మిల్లీగ్రాములు. మేము వెళ్ళేసరికి కళ్ళకు గంతలు కట్టించుకుని, డైపరు ఒక్కటే ఒంటి మీద ఉంచుకుని, నీలి వెలుగులో హాయిగా నిద్రపోతున్నాడు.

మా అమ్మకు ఇదంతా నచ్చలేదు. "పొద్దుటెండలో వాకిట్లో కాసేపు పడుకోబెడితే పోయేదానికి ఇంత హంగామా ఎందుకమ్మా?" అని సిస్టర్‌ను నిలదీసింది. ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది. అరచేతిలో పట్టే మీటరు ఒకటి తెచ్చి పిల్లవాడి పొట్ట పక్కన పెట్టింది. 22 అని చూపించింది. స్టాండు మర వదులు చేసి లైటును జానెడు కిందికి దించి, మళ్ళీ పెట్టి చూసింది. 34. "ఇప్పుడు సరిపోయింది అవ్వా" అని కేస్ షీటులో రాసుకుని వెళ్ళిపోయింది.

వెలుగుతో వైద్యం గురించి నాకు తెలిసినదంతా ఆ 22కూ 34కూ మధ్యనే ఉంది. ఆ మీటరు కొలిచేది చదరపు సెంటీమీటరు మేర, ఒక్కో నానోమీటరు తరంగదైర్ఘ్యానికి ఎన్ని మైక్రోవాట్ల వెలుగు పడుతోందని. కామెర్లు బాగా ముదిరిన పిల్లలకు అది 30కి తగ్గకూడదు. లైటు నీలంగా కనిపిస్తే చాలదు. 460 నుంచి 490 నానోమీటర్ల మధ్య ఉండాలి, తగినంత దగ్గరగా ఉండాలి, వీలైనంత ఎక్కువ ఒంటి మీద పడాలి. ఇంకో జానెడు పైన వేలాడదీస్తే అదే లైటు అరకొర మందు అవుతుంది. చూసేవాళ్ళకు మాత్రం గది ముందులాగే నీలంగా ఉంటుంది.

లోపల జరిగేది ముచ్చటైన సంగతి. పసిపిల్లల ఎర్ర రక్తకణాలు మన కణాలకన్నా ముందే చితికిపోతాయి. వాటి చెత్తే బిలిరుబిన్. కాలేయం దానికి ఒక చక్కెర తోకను తగిలించి నీటిలో కరిగేలా చేస్తుంది, అప్పుడు అది పిత్తంతో బయటకు పోతుంది. అప్పుడే పుట్టిన కాలేయానికి ఆ పని ఇంకా పూర్తిగా పట్టుబడదు. బిలిరుబిన్ అణువేమో, నీటితో కలిసే తన భాగాలను లోపలికి ముడుచుకుని కూర్చుంటుంది, చలికాలం దుప్పటిలో ముడుచుకున్న మనిషిలా. నీలి వెలుగు తగలగానే మెలిక తిరిగి విప్పుకుంటుంది. విప్పుకున్నది నీటిలో కరుగుతుంది, కాలేయం సాయం లేకుండానే పిత్తంలోకీ మూత్రంలోకీ జారిపోతుంది. ఇది చేయకుండా వదిలేస్తే, మితిమీరిన బిలిరుబిన్ మెదడులోకి చేరి జీవితాంతం ఉండే నష్టం చేయగలదు. సిస్టర్ ఆ మీటరు పట్టుకుని తిరగడం అందుకే.

అమ్మ మాటను తేలిగ్గా తీసేయనక్కరలేదు. ఈ వైద్యం మొదలైందే అలాంటి మాటతో. 1956లో ఇంగ్లండులోని ఎసెక్స్‌లో, రోచ్‌ఫర్డ్ ఆసుపత్రి పసిపిల్లల వార్డును చూసుకునే సిస్టర్ జె. వార్డ్‌కు ఎండ బాగుంటే పిల్లలను ఆవరణలోకి తీసుకెళ్ళే అలవాటు ఉండేది. ఒకరోజు ఆమె ఒక పిల్లవాడిని వైద్యులకు విప్పి చూపించింది. ఒళ్ళంతా పాలిపోయి మామూలుగా ఉంది, ఒక్క ముక్కోణం మేర మాత్రం చిక్కటి పసుపు. దుప్పటి అంచు కప్పి ఉన్న చోటు అది. అక్కడ పసుపు కొత్తగా పుట్టుకొచ్చిందా అన్న అనుమానం మొదట కలిగింది. తర్వాత అర్థమైంది, పోయింది మిగతా చోట్ల. అదే రోజుల్లో కిటికీ గట్టు మీద ఎండలో మరిచిపోయిన రక్తపు గొట్టంలో బిలిరుబిన్ ఊహించనంత తక్కువ తేలింది. అదే ఆసుపత్రిలోని డాక్టర్ క్రెమర్ బృందం నీలి ట్యూబులైట్లతో తొట్టి తయారుచేసి 1958లో ఫలితాలు ప్రచురించింది. అయినా అమెరికా వైద్యులు పెద్దగా పట్టించుకోలేదు. అక్కడి పిల్లల డాక్టర్ లూసీ బృందం 1968లో పరీక్ష జరిపి చూపించాకే నమ్మకం కుదిరింది. ఒక నర్సు కంటికి కనిపించిన సంగతి వార్డుల్లో మామూలు కావడానికి పదేళ్ళకు పైనే పట్టింది.

మరి వాకిట్లో ఎండ ఎందుకు వద్దు? రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని చెప్పుకునే ఊళ్ళు మనవి. మే నెలలో నెల్లూరులో ఎనిమిదింటికే సిమెంటు అరుగు కాలుతుంది. నాలుగు రోజుల పిల్లవాడిని బట్టలు విప్పి అక్కడ పడుకోబెడితే చర్మం కమిలిపోతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది, వేడెక్కుతాడు. డిసెంబరు పొద్దున అయితే చల్లబడతాడు. అంతకన్నా ముఖ్యం, ఎంత అందిందో చెప్పేవారు లేరు. మబ్బు వస్తే ఎంత, వేపచెట్టు నీడ జరిగితే ఎంత? ఈ చిక్కును విప్పడానికి నైజీరియాలోని లాగోస్‌లో పరిశోధకులు అతినీలలోహిత కిరణాలనూ వేడినీ అడ్డుకునే ప్రత్యేక పొరలతో పందిళ్ళు వేసి, వాటి కింద పిల్లలను ఉంచి, ఒంటి వేడిని కనిపెట్టుకుంటూ చూశారు. మామూలు కామెర్లకు అది కరెంటు లైటుకు తీసిపోలేదని 2015లో తేలింది. కరెంటు నమ్మకం లేని చోట అది మంచి దారి. అయితే అది వాకిలి కాదు, కొలత వేసుకున్న ఎండ.

వెలుగుకు నోబెల్ బహుమతి కూడా దక్కింది. కోపెన్‌హాగన్‌లో నీల్స్ ఫిన్సెన్ చర్మపు క్షయకు గాఢమైన కాంతితో చికిత్స చేసి 1903లో అందుకున్నాడు. తర్వాత యాంటీబయాటిక్స్ వచ్చాక ఆయన దీపాలు అటకెక్కాయి.

చర్మ వైద్యులు మాత్రం వెలుగును వదల్లేదు. మన మూలికల అంగళ్ళలో దొరికే బావంచాలను బొల్లికి వాడి ఎండలో కూర్చోమనడం ఆయుర్వేదంలో పాత పద్ధతి. ఆ గింజల్లో సోరాలెన్ ఉంటుంది, అది చర్మాన్ని వెలుగుకు ఒప్పించే పదార్థం. ఈజిప్టులో ఎల్ మొఫ్టీ 1940లలో ఇంకో మొక్క నుంచి అలాంటిదే తీసి వాడాడు. (సొంతంగా బావంచాల ముద్ద రాసుకుని మిట్టమధ్యాహ్నం కూర్చున్నవారికి బొబ్బలు ఖాయం. దయచేసి చేయకండి.) ఇప్పుడు ఎక్కువగా వాడేది 311 నానోమీటర్ల సన్నని అతినీలలోహిత పట్టీ. బొల్లికీ సోరియాసిస్‌కూ పనిచేస్తుంది. తక్కువతో మొదలుపెట్టి, చర్మం తట్టుకున్న కొద్దీ మోతాదు పెంచుకుంటూ పోతారు. మెలనిన్ ఎక్కువున్న మన చర్మానికి లెక్క వేరుగా కట్టాలి.

ఇక్కడ చిక్కు బస్సుతో వస్తుంది. వారానికి రెండు మూడు సార్లు, నెలల తరబడి లైటు ముందు నిలబడాలి. నిలబడేది కొద్ది నిమిషాలే. ఉదయగిరి నుంచి నెల్లూరుకు సుమారు 100 కిలోమీటర్లు. రెండు నిమిషాల వెలుగుకు ఒక రోజు కూలి, రానూపోనూ చార్జీలు. మూడో వారానికి ఎవరైనా మానేస్తారు, వాళ్ళను తప్పుపట్టలేం. అందుకే 2024లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం నాకు నచ్చింది. సోరియాసిస్ ఉన్న 783 మందిలో కొందరికి ఇంటికే యంత్రం ఇచ్చారు, కొందరిని ఆసుపత్రికి రమ్మన్నారు. ఇంట్లో చేసుకున్నవారి ఫలితం ఆసుపత్రికి వెళ్ళినవారికి తీసిపోలేదు. అలాంటి యంత్రాన్ని ఉదయగిరి ప్రభుత్వాసుపత్రిలోనో, నెలకింత అద్దెకో పెడితే ఎన్ని కూలి రోజులు మిగులుతాయో లెక్కవేయమనండి.

ఇక ఎర్ర వెలుగు. పోయిన ఏడాది మోకాలి నొప్పికి ఒంగోలులో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌కు వెళితే ఎర్రటి గుడ్డి దీపాల పట్టీ చుట్టారు. ఎంత ఇస్తున్నారని అడిగాను. "పది నిమిషాలు సార్" అన్నాడు కుర్రాడు. ఎన్ని జౌళ్ళు, అంటే ఎంత శక్తి పడుతోంది అని మళ్ళీ అడిగితే నా వంక జాలిగా చూశాడు. పెట్టె మీద అంకె ఒక్కటే ఉంది, ధర.

అసలు విషయం బూటకం కాదు. 1967లో హంగరీలో ఎండ్రె మెస్టర్ ఎలుకల వీపు గొరిగి రూబీ లేజర్ కొట్టాడు. అది బలహీనమైన లేజర్. గొరిగిన చోట వెంట్రుకలు త్వరగా మొలిచాయి. ఎర్ర, పరారుణ కాంతిని కణాల్లోని మైటోకాండ్రియా పీల్చుకుని శక్తి తయారీని హుషారు చేస్తాయన్నది ప్రస్తుతం బలంగా ఉన్న వివరణ. నోటి కేన్సరుకు రేడియేషన్ తీసుకునేవారి నోరు పుండై మంచినీళ్ళు కూడా మింగలేని స్థితి వస్తుంది. పొగాకు పండించి, చుట్టగా కాల్చే ప్రకాశం జిల్లాకు ఆ బాధ కొత్తది కాదు. ఆ పుండ్లను ఆపడానికి నోట్లో లేజర్ వెలుగు పెట్టడాన్ని అంతర్జాతీయ మార్గదర్శకాలు సిఫారసు చేశాయి, బ్రిటన్‌లో చికిత్సలను పరిశీలించి సలహాలిచ్చే నైస్ సంస్థ 2018లో ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకున్నారు? ఏ తరంగదైర్ఘ్యం, ఎన్ని జౌళ్ళు, వారానికి ఎన్నిసార్లు అని రాసిపెట్టిన పరీక్షలు ఉన్నాయి కాబట్టి.

మోకాలికి, జుట్టుకు, మతిమరుపుకు అమ్మే దీపాల దగ్గర ఆ లెక్క తప్పుతుంది. ఈ వెలుగుకు ఒక పాడు గుణం ఉంది. నెల్లూరు చేపల పులుసులో చింతపండులాగా, తక్కువైతే చప్పన, ఎక్కువైతే మొత్తం చెడుతుంది. ఒక పరీక్షలో పనిచేసి ఇంకోదానిలో పనిచేయకపోవడానికి ఒక కారణం అదే. పైగా ఉత్తుత్తి దీపం పెట్టి పోల్చి చూద్దామంటే, అసలుది ఏదో రోగికి వెలుగును బట్టే తెలిసిపోతుంది. వెలుగు మీద పేటెంటు రాదు కనుక పెద్ద పరీక్షలకు డబ్బు పెట్టే కంపెనీ దొరకదు. అమెరికాలో చాలా పరికరాలకు, ఇప్పటికే ఉన్న పరికరం లాంటిదేనని చూపిస్తే అమ్మకానికి అనుమతి వస్తుంది, జబ్బు నయం చేస్తుందని నిరూపించిన ముద్ర కాదది. మన దేశంలో 2017 నిబంధనలు వచ్చాక, 2020 నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం కిందికి వచ్చాయి. ఇంకా ఒక అడుగు కావాలి. మాత్ర అట్ట మీద మిల్లీగ్రాములు రాసినట్టు, ఆ పెట్టె మీద నానోమీటర్లు, చదరపు సెంటీమీటరుకు జౌళ్ళు, చర్మానికి ఎంత దూరమో రాయాలి. రాయనివారిని అడగాలి.

చలిదేశాల శీతాకాలపు దిగులుకు వాడే 10,000 లక్సుల దీపం సంగతి చెప్పలేదని ఎవరైనా అనవచ్చు. మనకు పొద్దున ఆరుబయట నిలబడితే అంత వెలుగు ఉచితం.

రెండో రోజు సాయంత్రానికి పిల్లవాడి బిలిరుబిన్ 12కు దిగింది. లైటు ఆపి, గంతలు విప్పి మా అమ్మ ఒళ్ళో పెట్టారు. ఆమె కళ్ళజోడు సవరించుకుని మొహం పరిశీలనగా చూసింది. ఒళ్ళంతా మామూలు రంగుకు వచ్చింది, గంతలు కట్టిన చోట మాత్రం చెవి నుంచి చెవికి ఒక పసుపు పట్టీ.

"ఇక్కడ మాత్రం ఇంకా పోలేదేమిటి?" అంది.