ఆల్బంలు 2005 దగ్గరే ఎందుకు ఆగిపోయాయి

మా బీరువాలో ఏడు ఆల్బంలున్నాయి, ఆఖరి ఫొటో మూలన నారింజ రంగులో '05 అని పడి ఉంటుంది, ఆ తర్వాత ఖాళీ. మళ్ళీ ఫొటోలు కనిపించేది 2013 నుంచి, అవీ ఫోన్‌లోనే. మధ్యలో మనం ఫొటోలు దిగలేదా అంటే అంతకుముందుకంటే ఎక్కువే దిగాం.

ఫిల్మ్ రీలు రోజుల్లో కోడాక్ కేబీ10 లాంటి కెమెరా ఇంట్లో ఉంటే గొప్ప, 36 ఫొటోల రీలు, జాగ్రత్తగా ఎక్కిస్తే 37వది కూడా వచ్చేది. రీలు అయ్యేదాకా కడిగించం కాబట్టి సంక్రాంతి ముగ్గూ వేసవి సెలవుల తిరుపతీ ఒకే కవర్లో వచ్చేవి, కళ్ళు మూసుకున్నవాటికీ డబ్బులే. అయితే ఒకటి, మొహం ఎలా పడిందో చూడాలంటే ప్రింటు వేయించాల్సిందే, వేరే దారి లేదు.

డిజిటల్ కెమెరా పుట్టింది కోడాక్‌లోనే. 1975లో స్టీవెన్ సాసన్ అనే ఇంజినీర్ మూడున్నర కిలోల పైన బరువున్న డబ్బా ఒకటి తయారుచేశాడు, 0.01 మెగాపిక్సెల్, ఒక్క ఫొటో క్యాసెట్ మీదకి ఎక్కడానికి 23 సెకన్లు. కానీ కోడాక్‌కి లాభం కెమెరాలో కాదు రీల్లో, పేపర్లో, కెమికల్స్‌లో ఉంది, సొంత కొమ్మ ఎవడు నరుక్కుంటాడు? (చివరికి 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది.)

నా లెక్కలో అసలు మలుపు 1995లో వచ్చిన క్యాసియో క్యూవీ-10. బొమ్మ క్వాలిటీ అంతంతే గానీ వెనకాల చిన్న తెర పెట్టారు, తీసిన ఫొటో అక్కడే చూసుకోవచ్చు. చూసేశాక ఇంక ప్రింటెందుకు?

2003కల్లా అమెరికాలో డిజిటల్ కెమెరాల అమ్మకాలు ఫిల్మ్ వాటిని దాటాయి, 2004లో కోడాక్ అమెరికా, కెనడా, పశ్చిమ యూరప్‌లో రీలు కెమెరాలు అమ్మడం ఆపేస్తామంది, ఇండియా, చైనాల్లో మాత్రం అమ్ముతామంది, అంటే మన వంతు ఇంకా ఉందన్నమాట!

మన దగ్గర ముందు మారింది స్టూడియోలూ కలర్ ల్యాబులూ, ఎందుకంటే పెళ్ళంటే రీళ్ళకి రీళ్ళు ఖర్చు. ల్యాబుల్లో కొత్త మెషిన్లొచ్చాయి, మెమరీ కార్డు ఇచ్చినా అదే కెమికల్ పేపర్ మీద లేజర్‌తో వేసి కడిగి ఇచ్చేవి, చేతికొచ్చే ప్రింటులో తేడా తెలిసేది కాదు. పెళ్ళి ఆల్బం కాస్తా కంప్యూటర్లో పేజీలు డిజైన్ చేసి పుస్తకంలా కట్టే కరిజ్మా అయింది. ఇళ్ళల్లోకి మాత్రం అమెరికా నుంచొచ్చే అన్నయ్యో బావగారో తెచ్చిన చిన్న కెమెరా, అది కూడా లేనివాళ్ళు రీలు నుంచి నేరుగా ఫోన్‌కే దూకేశారు.

కార్డు నిండితే కంప్యూటర్లోకి, అదీ నిండితే సీడీలోకి, తీరిగ్గా ప్రింటు వేయిద్దాంలే అనుకుంటూనే హార్డ్ డిస్క్ పోయింది. మొన్న 1996 నెగెటివ్‌లు స్కాన్ చేయిస్తే తాతయ్య చొక్కా గుండీలతో సహా వచ్చాయి. స్కెచ్ పెన్నుతో 'గృహప్రవేశం 2008' అని రాసున్న సీడీ కూడా పట్టుకెళ్ళా, డ్రైవులో పెడితే కాసేపు గిర్రున తిరిగి బయటికొచ్చేసింది.