సైలెన్సర్ కుదరకపోతే పైపే వంచాలా? అపోహలు - వాస్తవాలు

స్కూటర్‌కి కొత్త సైలెన్సర్ పెట్టబోతే బ్రాకెట్ రంధ్రం ఓ వేలెడు పక్కకు ఉంటుంది. వెంటనే చాలామంది చెయ్యి గ్యాస్ టార్చ్ మీదికే పోతుంది. అసలు తేడా ఎక్కడుందో చూసుకోకుండా పైపు వంచితే మొదటికే మోసం.

అపోహ: బ్రాకెట్ కలవలేదంటే పైపు వంకర.

చాలాసార్లు తేడా పైపులో ఉండదు, ఇంజిన్ దగ్గరి మూతిలో ఉంటుంది. పాత గ్యాస్కెట్ (పొగ లీకవకుండా మధ్యలో వేసే రింగు) ముక్క లోపల అతుక్కుపోయి ఉంటే ఫ్లాంజ్, అంటే పైపు మూతికి ఉండే బోల్టు రంధ్రాల పట్టీ, ఒక పక్క ఎత్తుగా కూర్చుంటుంది. లెక్క వేసి చూడండి: 50 మిల్లీమీటర్ల ఫ్లాంజ్ ఒక అంచున 1 మిల్లీమీటర్ లేస్తే, అర మీటరు అవతలున్న బ్రాకెట్ దగ్గర అది 10 మిల్లీమీటర్లవుతుంది. పాతది శుభ్రంగా గీకేసి కొత్త గ్యాస్కెట్ వేయండి. నట్లు, బ్రాకెట్ బోల్టు అన్నీ ముందు చేత్తోనే ఎక్కించండి. తర్వాత ఇంజిన్ వైపు నట్లను మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించి, బ్రాకెట్‌ని ఆఖర్న బిగించాలి. ఈ వరస తప్పితే తిన్నగా ఉన్న పైపు కూడా వంకరగానే కనిపిస్తుంది.

అపోహ: కాస్త తేడానే కదా, బోల్టుతో లాగేస్తే వచ్చేస్తుంది.

వస్తుంది. కొన్నాళ్లకు ఫ్లాంజ్ వెల్డింగ్ దగ్గర పగులు కూడా వస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్లకైతే బ్రాకెట్ రంధ్రాన్ని ఆకురాయితో కాస్త పొడవు చేయండి, లేదా వెనక ఒక వాషర్ వేయండి.

అపోహ: బండి మీదే రాడ్డు దూర్చి వంచేయొచ్చు.

ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చివర వేసిన బలమంతా అల్యూమినియం ఇంజిన్ హెడ్‌లోని సన్నటి స్టడ్ల (ఫ్లాంజ్ నట్లు ఎక్కే మరల కడ్డీల) మీద పడుతుంది. పైపు వంగేలోపే స్టడ్ మరలతో సహా ఊడొస్తుంది. పైపు విప్పి, వైస్‌లో (బల్లకు బిగించిన పట్టుడు పరికరంలో) పట్టించి చేసే పని ఇది.

అపోహ: ఎర్రగా కాల్చి, బలంకొద్దీ వంచాలి.

పెద్ద వంపుకు సరే. అప్పుడు బయటి గోడ సాగి పలచబడుతుంది, లోపలి గోడ ముడత పడుతుంది, ఖాళీ పైపైతే నొక్కుకుపోతుంది. అందుకే లోపల ఇసుక దట్టిస్తారు. ఆ ఇసుకలో తడి అసలు ఉండకూడదు. తడి ఆవిరైందంటే మూతికి కొట్టిన బిరడా తుపాకీ గుండులా ఎగురుతుంది.

చిన్న సవరణకు మాత్రం బలంతో పనే లేదు. పైపు ఎటు వంగాలో ఆ వైపున బొటనవేలి గోరంత మేర ఎర్రబడేదాకా కాల్చి వదిలేయండి. మొదట పైపు చివర వ్యతిరేక దిశలో కొద్దిగా జరుగుతుంది. టెన్షన్ పడొద్దు. కాలిన చోటు వ్యాకోచించబోతే చుట్టూ ఉన్న చల్లటి లోహం అడ్డుకుంటుంది, దాంతో అక్కడ గోడ మందమవుతుంది. చల్లారేటప్పుడు అదే చోటు మునుపటికన్నా పొట్టిగా కుంచించుకుని పైపును తనవైపు లాక్కుంటుంది. పూర్తిగా చల్లారాక బండికి పెట్టి చూసుకుని, చాలకపోతే పక్కనే మరో మచ్చ కాల్చాలి.

టూ-స్ట్రోక్ బండి పైపులో నూనె మసి పేరుకుని ఉంటుంది, టార్చ్ పెడితే లోపలే అంటుకుంటుంది. ముందు శుభ్రం చేయాలి. జింకు పూత ఉన్న పైపును కాలిస్తే వచ్చే తెల్లటి పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. పూత గీకేసి, గాలి ఆడే చోట కాల్చాలి. కొత్త బండ్లలో క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) ఉన్నచోట టార్చ్, సుత్తి రెండూ నిషిద్ధం.

అపోహ: కాల్చాక నీళ్లు పోస్తే గట్టిపడుతుంది.

మామూలు పైపు ఇనుములో అలా గట్టిపడేంత కార్బన్ ఉండదు. నీళ్లతో వచ్చేది గట్టిదనం కాదు, కొత్త వంకర. గాలికి ఆరనివ్వండి.

అపోహ: స్టాండ్ మీద ఎక్కడా తగలకపోతే ఫిట్టింగ్ అయిపోయినట్టే.

చాలా స్కూటర్లలో ఇంజిన్, వెనక చక్రం కలిసే పైకీ కిందకీ ఊగుతాయి, సైలెన్సరూ వాటితోనే ఊగుతుంది. కాబట్టి టైరుకి ఖాళీ మారదు, బాడీకీ ఛాసిస్‌కీ ఉన్న ఖాళీ మారుతుంది. ఇద్దరిని కూర్చోబెట్టి షాక్ అబ్జార్బర్ దిగినప్పుడు చూడండి. సెంటర్ స్టాండ్ ఎత్తి, దించి కూడా చూడండి.

చివరగా ఇంజిన్ స్టార్ట్ చేసి, మందపాటి గుడ్డతో తోక గొట్టాన్ని ఒక్క క్షణం అదిమితే ఫ్లాంజ్ దగ్గర లీకు బుసబుసమంటూ వినిపిస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసి పెట్రోలు పాళ్లు సరిచేయించే పరికరం) ఉన్న బండైతే ఈ పరీక్ష తప్పనిసరి. ఆ సందులోంచి బయటి గాలి దూరితే పెట్రోలు తక్కువైందని సెన్సర్ పొరబడుతుంది, ఇంజిన్‌కి అవసరానికి మించి పెట్రోలు పోతుంది.